మరల మోటారుబండి నెక్కదలచిన పెద్దలకు



పాఠశాలలో 34 ఏండ్లు తెలుగు చెప్పి 2017లో విశ్రాంతి గొన్న పండితుడు మోటారుబండ్లనుగూర్చి ప్రసంగింప బూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అశ్వముల లక్షణములను శాలిహోత్రుడు చెప్పెనని మా గురువులు పాఠము చెప్పిరి గాని, పెట్రోలు త్రాగు గుఱ్ఱమునుగూర్చి వారేమియు చెప్పియుండలేదు. ఐనను ఈ విషయమున నాకు కొంత అధికారము కలదు. అది గ్రంథములవలన వచ్చినది కాదు. నా కుడిపిక్కమీద మిగిలిన కాలిన మచ్చవలన వచ్చినది. ఆ మచ్చ వృత్తాంతము యథావసరముగా మనవి చేసెదను.

మాది తాండూరు ప్రాంతము. నాకు ఊరికి మూడు మైళ్ల దూరమున కొంత కందిచేను కలదు. బియ్యమునకును, మందులకును తాండూరు పోవలెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11న వికారాబాదు జిల్లా యేర్పడినది మొదలు కాగితపు పని యేది వచ్చినను వికారాబాదు పోవలెను. అది తాండూరునకు సుమారు 40 కిలోమీటర్లు. మా యూరికి బస్సు వేళకు వచ్చిన దినము పండుగవంటిది. కావున ఉద్యోగము విడిచిన తరువాత నేను చేసిన ముఖ్యమైన పని, వీధి మలుపున నిలిచి, బండిమీద పోవు పిల్లలను "నాయనా, చేనిదాక దించెదవా?" అని యడుగుటయే. వారందరు నా శిష్యులే, ఎవ్వరును కాదనలేదు. ఐనను అడుగవలసివచ్చుట అడుగవలసివచ్చుటయే కదా. నావలెనే యౌవనమున బండి నడిపి, సంసారభారముచేత ఇరువది ముప్పది యేండ్లు విడిచి, ఇప్పుడు మరల నెక్కదలచినవారు మన పల్లెలలో పెక్కుమంది కలరు. ఈ ప్రసంగము వారికొఱకు.

యౌవనమున నేను నడపినది పాత బుల్లెట్టు బండి. ఇంగ్లాండునందలి రెడ్డిచ్ పట్టణపు కంపెనీతో మద్రాసువారు కలసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా అను సంస్థను స్థాపించి, ఆ బండ్లను మన దేశముననే చేయ నారంభించిరి. దానిని కదల్చుట యొక చిన్న యజ్ఞము. ఆంపియరు ముల్లు నడిమికి వచ్చువరకు కిక్కును మెల్లగా త్రొక్కి, ఎడమచేతి చిన్న మీటను లాగి లోపలి ఒత్తిడిని విడిచి, అటుపిమ్మట ఒక్క త్రోపు త్రొక్కవలెను. క్రమము తప్పెనా, కిక్కు ఎదురుతన్ని చీలమండను పరీక్షించును. ఆ బండి చప్పుడు విని మా బడి పిల్లలు వరుసలో నిలుచుచుండిరి. అట్టి చప్పుడు చెవిలో నుండగా పాతికేండ్ల తరువాత బండి కొనదలచినవాడు ఏ బండి కొనును? నేనును అదే జాతి బరువైన బండి నొకదానిని, ఒకరు వాడి యమ్మిన దానిని, కొంటిని. అది నా మొదటి తప్పు. బండిది కాదు, అమ్మినవానిది కాదు, నాదే.

తప్పు ఏమనగా, నేను నడపుటను తలచుకొని బండిని ఎంచుకొంటిని, నిలుపుటను తలచుకొనలేదు. మోటారుబండి పరుగెత్తుచుండగా దాని బరువును అదియే మోసికొనును. మనుష్యుని నడకకంటె కొంచెము వేగము హెచ్చెనేని అది నిటారుగా నిలుచును, చేతివ్రేళ్లతో నడిపించవచ్చును. అందుచేతనే అంగడివారు "ఒకసారి నడిపి చూడుడు" అందురు. నడిపి చూచిన వృద్ధునికి బండి దూదివలె తోచును. కాని ఇంటిముందు త్రిప్పునప్పుడు, రైలు గేటువద్ద ఆగినప్పుడు, పెట్రోలు పోయించుకొనుటకు వెనుకకు నెట్టినప్పుడు, మిట్టపల్లములలో స్టాండు వేయునప్పుడు ఆ బరువంతయు మన కాళ్లమీదికిని నడుముమీదికిని వచ్చును. బండి జానెడు వంగువరకు ఇరువదియేండ్ల వానికిని అరువదియేండ్ల వానికిని భేదము లేదు. జానెడు దాటిన పిమ్మట ఇరువదియేండ్లవాడు పట్టి నిలుపగలడు; మనము నిలుపలేము.

మా తాండూరులో బండ్లు బాగుచేయు మేస్త్రి యొకడు నా పూర్వశిష్యుడు. వ్యాకరణమున మందుడు గాని, ఇనుము విషయమున సూక్ష్మబుద్ధి. నేను ఆ బరువుబండిని చూపగా నతడు చుట్టును తిరిగి చూచి, "సార్, గిది నడిపేటప్పుడు బరువు గాదు, ఆపినప్పుడే బరువు" అనెను. సూత్రమువంటి వాక్యము, ఆ దినమున నేను దానికి వృత్తి వ్రాసికొనలేదు.

శ్రావణము దాటి భాద్రపదము వచ్చినది. మా నల్లరేగడి సంగతి మీరెఱుగుదురు. తడిసినచో చెప్పునకు అంటిన మట్టి చెప్పును విడువదు. చేనిబాటలో ఇరువది గజములు పోవునప్పటికి ముందుచక్రమునకును మడ్గార్డునకును నడుమ మట్టి దట్టముగా నిండి చక్రము తిరుగుట మానెను. బండి నిలిచెను. నేను కుడికాలు దింపితిని. అది మడమవరకు దిగబడెను. బండి మెల్లగా, మిక్కిలి మర్యాదగా, నామీదికి ఒరిగెను. వేడి సైలెన్సరు పిక్కకు తగిలి యుండగా లేవలేక సుమారు అరగంట పడియుంటిని. కలుపు తీసి మరలుచున్న ముగ్గురు స్త్రీలు వచ్చి బండిని లేపిరి. అందులో పెద్దామె, "బండి మీద సారు గూసుండాలె గాని, సారు మీద బండి గూసున్నదేంది!" అని నవ్వెను. నేనును నవ్వితిని, కాని కాలు విరిగియుండినచో, వారు ఆ త్రోవను రాకుండినచో ఏమయ్యెడిదో ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించితిని.

కావున బరువునుగూర్చి కొన్ని అంకెలు చెప్పెదను. ఇప్పటి ఎన్‌ఫీల్డు వారి క్లాసిక్ 350 బండి బరువు 195 కిలోలు. అదే కంపెనీవారి హంటర్ 350 బండి 181 కిలోలు, మీటియర్ 191 కిలోలు. మన పల్లెలలో ఇంటింట కనబడు హీరోవారి స్ప్లెండర్ ప్లస్ బండి 112 కిలోలు. క్లాసిక్కునకును స్ప్లెండరునకును భేదము 83 కిలోలు. యూరియా బస్తా 45 కిలోలు గదా. బండి నిలిపినప్పుడెల్ల రెండు బస్తాలకు కొంచెము తక్కువ బరువును అధికముగా పట్టవలెనని అర్థము. నా యెఱుకలో అరువది దాటి, ఒంటరిగా చేనిబాటలలో తిరుగువానికి బండి బరువు 125 కిలోలు దాటకుండుట మేలు. తారురోడ్డు విడువనివాడు, దేహదార్ఢ్యము గలవాడు, అంతకంటె బరువైన దానిని కోరినచో నేను వలదనను. కాని పరీక్షించి కొనవలెను.

పరీక్ష యెట్లనగా, అంగడిలో ఇంజను వేయవలదు. బండి ప్రక్కన నిలిచి హ్యాండిలు పట్టి స్టాండు తీసి, పది అడుగులు ముందునకును పది అడుగులు వెనుకకును నెట్టవలెను. వీలైనచో కొంచెము ఎత్తునకు నెట్టి చూడవలెను. తరువాత మధ్యస్టాండు వేయవలెను. చేతులతో లాగువారు నడుము పోగొట్టుకొందురు; స్టాండు కాడమీద దేహభారమంతయు మోపి నిలుచుండినచో బండి తానే వెనుకకు లేచును. అటులైనను లేవనిచో ఆ బండి మీది కాదు. పిదప ఎక్కి కూర్చుండి, నిత్యము తొడుగుకొను చెప్పులతోడనే రెండు పాదములును నేలకు పూర్తిగా ఆనుచున్నవా చూచుకొనవలెను. వ్రేళ్లకొనలు ఆనుట చాలదు. రేగడిలోను కంకరమీదను వ్రేళ్లకొనలు నిలువవు. స్ప్లెండరు సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్కుది 805, మీటియరుది 765. అంకె ఒక్కటియే ప్రమాణము కాదు. వెడల్పైన సీటు తొడలను విడదీయుటచే పాదము పైకి లేచును. కావున అంకె చూచి కాక కూర్చుండి నిర్ణయింపవలెను. కొడుకు కూర్చుండి "బాగున్నది" అనుట చెల్లదు.

ఇక రెండవ సంగతి. నా యెఱుకలో ఇదియే ప్రధానమైనది. అంగడిలో ఎవ్వరును చెప్పనిది.

పాత బుల్లెట్టు బండికి గేరు కుడికాలివైపున నుండెడిది, బ్రేకు ఎడమకాలివైపున నుండెడిది. మొదటి గేరు పైకి, తక్కిన మూడును క్రిందికి. ఇది ఇంగ్లీషువారి సంప్రదాయము. జపాను దేశపు బండ్లు గేరును ఎడమవైపున పెట్టినవి. అమెరికా దేశమున 1974లో అమలునకు వచ్చిన నియమము గేరు ఎడమవైపుననే యుండవలెనని విధించినది; అమెరికాలో అమ్మదలచినవారందరు మార్చుకొనిరి, తరువాత లోకమంతయు మార్చుకొన్నది. మన బుల్లెట్టు మాత్రము 2000 సంవత్సరము దాటినదాక పాత పద్ధతినే నిలుపుకొని, పిదప క్రమముగా మారినది. ఇప్పుడు కొత్తగా అమ్ము గేరుబండ్లన్నిటికిని గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి.

"దానికేమి, నేర్చుకొందుము" అందురు. నేనును అట్లే యనుకొంటిని. రెండు దినములలో నేర్చుకొంటిని కూడ. మెల్లగా పోవునప్పుడు ఒక్క తప్పును చేయలేదు. కాని బాల్యమున వల్లించినది తొందరలో బయటికి వచ్చును. ఇది నేను తరగతిలో వేలసార్లు చూచితిని. దిద్దిన తప్పును పిల్లవాడు ఇంటిపనిలో చేయడు. పరీక్షలో గంట మ్రోగబోవుచుండగా చేయును.

బండి కొన్న మూడవ నెలలో, రేగడిలో పడుటకు ముందు, నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని వికారాబాదునుండి మరలుచుంటిని. అనంతగిరి మలుపులు మీరెఱుగుదురు. మూసీనది పుట్టుచోటు, అనంతపద్మనాభస్వామి కొండ. అచ్చట రోడ్డుప్రక్క కోతులు బాటసారుల పండ్లకై కాచుకొని యుండును. మాముందు పోవుచున్న కారువారు కోతికి అరటిపండు వేయుటకై మలుపులోనే చటుక్కున నిలిపిరి. నేను బ్రేకు త్రొక్కితిని. ఎడమకాలితో త్రొక్కితిని. అది బ్రేకు కాదు, గేరు. క్లచ్చు పట్టకయే గేరు క్రిందికి పడి, ఇంజను గర్జించి, బండి కుదుపుతో ఊగెను. కారును తప్పించుటకు ప్రక్కకు త్రిప్పగా రోడ్డంచు కంకరలోనికి దిగి నిలిచితిమి. నేను పడలేదు, నా భార్య జారి పడెను. అరచేతులు గీరుకొనిపోయి నెత్తురు వచ్చినది. ఆమె లేచి, దుమ్ము దులుపుకొని, "బండి కొత్తది కొన్నరు గాని, మీ కాలు ఇంక పాత బండి మీదనే ఉన్నది" అని, ఆ దినము ఆటోలో ఇల్లు చేరెను. అటుపిమ్మట నాలుగు నెలలు నా బండి యెక్కలేదు. మా కుమారుడు హైదరాబాదునుండి వచ్చి తాళపుచెవి తీసికొనిపోయెను. అది మా యింటిలో కొంత కాలము మాటలు లేని కాలము.

కావున పెద్దలారా, బండి ఎంచుకొనుటకు ముందు, పూర్వము మీరు నడపినది ఏది యని తలచుకొనుడు. జావా, యెజ్డీ బండ్లు నడపినవారికి భయము తక్కువ. వానికి గేరు ఎడమవైపుననే, కిక్కును గేరును ఒకే కాడ. మైసూరులో 1961 మొదలు ఆ బండ్లు తయారైనవి, 1996లో ఆ కర్మాగారము మూతపడినది. పాత చేతక్ స్కూటరు నడపినవారికి గేరు ఎడమచేతిలో నుండెడిది, బ్రేకు కుడికాలిక్రింద నుండెడిది. కాలి అలవాటు వారికి చెడదు. ఆపద అంతయు కుడిగేరు బుల్లెట్టు మీద చేయి తిరిగిన వారికే. వారికి రెండు త్రోవలు కలవు. ఒకటి, కాలికి గేరు లేని బండి కొనుట. కాని అందును ఒక మెలిక కలదు: గేరు లేని స్కూటరునకు ఎడమచేతి మీట క్లచ్చు కాదు, వెనుక బ్రేకు. పాత అలవాటున క్లచ్చనుకొని పట్టినచో బండి నిలుచును. మలుపులో కంకరమీద తప్ప దానివలన పెద్ద హాని రాదు. రెండవది, గేరుబండినే కొని, రోడ్డెక్కకముందు కాలికి మరల అక్షరాభ్యాసము చేయించుట. నేను రెండవది చేసితిని. ఆదివారము బడి మైదానములో పదునైదు వారములు, మేస్త్రి శిష్యుడు ప్రక్కన నిలిచి చేయి యెత్తినప్పుడెల్ల నేను "కుడి" అని బిగ్గరగా పలికి కుడికాలితో బ్రేకు వేయవలెను. గోడమీద కూర్చుండిన పిల్లలు నాతోపాటు "కుడి, కుడి" అని కేకలు వేసిరి. సిగ్గుపడలేదు, వారిచేత నేను ఎన్ని వల్లెలు వేయించితినో.

గేర్ల వరుసయు అన్ని బండ్లకు ఒకటి కాదు. స్ప్లెండరునకు నాలుగు గేర్లును ముందుకాలితో క్రిందికే నొక్కవలెను. ఇప్పటి 350 తరగతి ఎన్‌ఫీల్డులకు మొదటిది క్రిందికి, తక్కినవి పైకి. ఇంటిలో రెండు విధముల బండ్లుండి, ఒకనాడు ఇది, ఒకనాడు అది నడపుట మన వయస్సునకు తగదు.

బ్రేకులనుగూర్చి మరియొక మాట. "ముందు బ్రేకు వేసినచో పల్టీ కొట్టుదువు" అని మన చిన్ననాట భయపెట్టిరి. అది సగము నిజము. ఎద్దులబండి పల్లమునకు దిగునప్పుడు బరువెల్ల కాడిమీదికి వచ్చును గదా. మోటారుబండి వేగము తగ్గునప్పుడును బరువు ముందుచక్రముమీదికి వచ్చును. అందుచే నిలుపు శక్తి అధికముగా ముందుచక్రమునకే కలదు. తిన్నని గట్టిరోడ్డుమీద రెండును కలిపి, ముందుదానిని మెల్లగా బిగించుచు వేయవలెను. కంకరమీద మలుపులో మాత్రము ముందు బ్రేకును తాకరాదు. తాండూరు చుట్టుప్రక్కల నాపరాళ్లు కోయు చోట్లనుండియు, సిమెంటు కర్మాగారములనుండియు పోవు లారీలు రాల్చిన కంకరయు పొడియు రోడ్డంచున నుండును. వాన తుంపర పడినచో ఆ పొడి నూనెవలె జారును. 2019 ఏప్రిలు 1 మొదలు అమ్ము కొత్తబండ్లలో 125 సి.సి. దాటినవానికి, గట్టిగా బ్రేకు వేసినను చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీయెస్ అను ఏర్పాటు విధిగా నుండవలెను. చిన్నబండ్లలో అది గాని, వెనుక బ్రేకు త్రొక్కినచో ముందుబ్రేకును కొంత పట్టు సీబీయెస్ ఏర్పాటు గాని యుండవలెను. అంతకుముందటి పాతబండిని చౌకయని కొనుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

దుస్తుల సంగతి చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. నేను పంచె కట్టువాడను. నా భార్య చీరతో ప్రక్కకు తిరిగి కూర్చుండును. సొగసునకై గొలుసును బయట పెట్టిన బండ్లు మనకు పనికిరావు; గొలుసు చుట్టును పూర్తి రేకుకప్పు ఉండవలెను. మన కప్పు బట్టనే కాక మట్టినుండి గొలుసునుగూడ కాపాడును. వెనుకచక్రము సగమైనను కప్పునట్లు బట్ట చిక్కుకొనని అడ్డు ఉండవలెనని కేంద్ర మోటారు నియమములే చెప్పుచున్నవి; దానిని ఊడదీసి అమ్ముచున్నచో తిరిగి పెట్టించుకొనుడు. చీర కొంగును పంచె చెంగును ఎక్కుటకు ముందే దోపుకొనవలెను.

ఇన్ని చూచి నేను కొన్నది స్ప్లెండరు. ఏ కంపెనీకిని నేను బంటును గాను. అదే తరగతిలో, అంతే బరువులో ఇతరులు చేయు బండ్లును కలవు, నా శిష్యుని అభిప్రాయమున అవియు మంచివే. చక్రములు 18 అంగుళములవి, గుంటలను దాటును. కిక్కును బొత్తామును రెండును కలవు. ఎన్‌ఫీల్డువారి కొత్త 350 బండ్లకు కిక్కు లేదు, బ్యాటరీ దిగినచో నెట్టువారిని వెదకవలెను. చప్పుడు మాత్రము లేదు. పిల్లలు ఇప్పుడు వరుసలో నిలువరు.

మోకాళ్ల నొప్పి యున్నవారు, తారురోడ్డుమీదనే తిరుగువారు, భార్యతో కలసి పోవువారు యాక్టివావంటి స్కూటరును తప్పక చూడవలెను. కాలు ఎత్తి దాటింప పనిలేదు, సీటు ఎత్తు తక్కువ, కాళ్లముందు సంచి పెట్టుకొనవచ్చును. లోపమేమనగా చక్రములు చిన్నవి, ముందుది 12 అంగుళములు, వెనుకది 10. మన గుంటలలో నడుము చెప్పును. చేనికిని ఇంటికిని మధ్య మందుబస్తా మోయుటయే పని యైనచో టీవీయెస్ ఎక్సెల్ 100 చాలును. అది 90 కిలోలకు లోపు, గేరు లేదు. దానిమీద భార్యను కూర్చుండబెట్టుకొని అనంతగిరి ఎక్కవలదు. విద్యుత్తు బండ్లును తేలికగానే నడచును. మీ యింటిలో కరెంటు నిలుకడగా నుండినచో చూడవచ్చును.

నా భార్య మరల ఎక్కునట్లు చేసినది బండి కాదు. ఇంటి యరుగు ప్రక్క నాపబండలతో జానెడెత్తు మెట్టు నొకదానిని కట్టించితిని. బండిని దానిప్రక్క నిలిపినచో ఆమె మెట్టెక్కి సులభముగా కూర్చుండును. బడి మైదానములో నా వల్లెలు ఆమె గోడ చాటున రెండు వారములు చూచినదని తరువాత తెలిసినది. పదునారవ ఆదివారమున ఏమియు అనక వచ్చి మెట్టెక్కెను.

కొందరి యిండ్లలో పాతబండి పశువులకొట్టములో గోనె కప్పుకొని యుండును. "దానినే బాగుచేయింతును" అందురు. చేయించుడు, కాని టైర్లు నున్నగా నిండుగా నున్నవని మోసపోవలదు. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసి యుండును. మొదటి రెండు వారము, తక్కిన రెండు సంవత్సరము. 2312 అని యుండినచో 2012వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. అట్టి రబ్బరు ఎండి రాయివలె నుండును, తడిరోడ్డును పట్టదు. టైర్లు, ట్యూబులు, బ్రేకు తీగెలు, బ్రేకు చెప్పులు మార్పించి, పెట్రోలు తొట్టి త్రుప్పు కడిగించి కాని బయటికి తీయవలదు. రిజిస్ట్రేషను 15 ఏండ్లకు తీరిపోవును, తిరిగి చేయించుకొనవలెను. బీమా లేనిదే రోడ్డెక్కరాదు.

2017 ఏప్రిలు తరువాత వచ్చిన కొత్తబండ్లకు ఎదుటి దీపము పగలును వెలుగుచునే యుండును. ఆర్పుటకు బొత్తాము లేదు. కొన్న మొదటివారమున ఎదురువచ్చు ప్రతివాడును వ్రేళ్లు ముడిచి విప్పి నాకు సైగ చేసినప్పుడు, నా శిష్యులు నన్ను పరిహసించుచున్నారని తలచితిని.

లైసెన్సు విషయము. 55 ఏండ్లు దాటినవారికి లైసెన్సు ఐదేండ్ల కొక మారు మార్చుకొనవలెను. వైద్యుని యోగ్యతాపత్రము కావలెను. గడువు తీరి యేడాది దాటినచో మరల పరీక్షలో నడిపి చూపవలెను. నాది తీరి పదునాలుగేండ్లు దాటినది. పిల్లల నడుమ నిలిచి పరీక్ష ఇచ్చితిని. పరీక్షకుని పేరు అడుగలేదు గాని అతడు నన్ను "సార్" అని పిలిచెను. వైద్యుని యోగ్యతాపత్రము నామమాత్రముగా తీసికొనవలదు. కంటి శుక్లము ముదిరినచో ఎదురుదీపము సూర్యునివలె ప్రాకిపోవును. ముందు దానిని తీయించుకొనుడు. జలుబునకు వేసికొను మాత్రలలో కొన్ని మత్తు కలిగించును. ఆ దినము బండి ముట్టవలదు. మెడ తిరుగనివారు రెండు వైపుల అద్దములు పెట్టించుకొనవలెను. హెల్మెట్టు ఐయెస్సై గుర్తు గలది, గడ్డముక్రింద పట్టీ బిగించి, ఇద్దరును పెట్టుకొనవలెను. నా భార్య మొదట కొప్పునకు అడ్డమని అనెను. ఇప్పుడు కొప్పు క్రిందికి దింపి ముడుచుకొనుచున్నది.

నేను చీకటి పడిన తరువాత బండి తీయను. వాన కురిసిన మరునాడు చేనికి నడచియే పోదును. హైదరాబాదు పోవలసివచ్చినప్పుడు, కుమారుడు ఎంత పిలిచినను బండిమీద పోవుట లేదు. తాండూరు స్టేషనువద్ద బండి నిలిపి, తాళము వేసి, రైలెక్కుచున్నాను.